ఆహారం జాడ తీసే బ్లాక్‌చెయిన్: పద్దు భద్రమే, మరి లాట్ సంగతి?

2006 సెప్టెంబరు 14న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. సంచుల్లో అమ్మే పాలకూరను దేశంలో ఎవరూ తినవద్దన్నది దాని సారాంశం. ఈ.కొలై ఓ157 బ్యాక్టీరియా వల్ల జనం ఆసుపత్రుల పాలవుతున్నారు కానీ, ఏ పొలం పాలకూర తిని జబ్బుపడ్డారో అప్పటికి ఎవరికీ తెలియదు. విచారణ పూర్తయ్యాక దోషం ఒకే కర్మాగారంలో ఆగస్టు 15న తయారైన సరుకు దగ్గర తేలింది. రోగుల ఇళ్లలో మిగిలిన సంచుల మీదున్న 'పీ227ఏ' అనే లాట్ నంబరే ఆ దారి చూపింది. లాట్ అంటే ఒకేసారి, ఒకేచోట తయారైన సరుకు మొత్తం. 'పీ' కర్మాగారానికి, 227 ఆ ఏడాదిలో 227వ రోజుకు, 'ఏ' షిఫ్టుకు గుర్తు. ఆ గుర్తులు దొరికేదాకా దేశంలోని సంచి పాలకూర అంతటినీ అనుమానించక తప్పలేదు.

2011లో జర్మనీలో ఈ.కొలై ఓ104 ప్రబలినప్పుడు అనుమానం మొదట స్పెయిన్ దోసకాయల మీద పడింది. ఆ రైతులు తీవ్రంగా నష్టపోయాక, అసలు కారణం మెంతి మొలకలనీ, వాటి విత్తనాలు ఈజిప్టు నుంచి వచ్చాయనీ తేలింది. దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. 2018 వసంతంలో అమెరికాలో సలాడ్లలో వాడే రొమైన్ లెట్యూస్ ఆకుల వల్ల 36 రాష్ట్రాల్లో 210 మంది జబ్బుపడి, అయిదుగురు మరణించారు. ఫలానా ప్రాంతంలో పండిన లెట్యూస్ తినవద్దని అధికారులు చెప్పారు కానీ, ఎక్కడ పండిందో చాలా సంచుల మీద రాసి లేకపోవడంతో ఆ సలహాను పాటించే దారి కొనేవాళ్లకు కనిపించలేదు.

ఇలాంటి అనుభవాల నుంచే ఆహార సరఫరాలో బ్లాక్‌చెయిన్, అంటే అనేక సంస్థలు ఉమ్మడిగా ఉంచుకునే డిజిటల్ పద్దుల పుస్తకం, వాడాలన్న ఆలోచన బలపడింది.

క్లుప్తంగా

బ్లాక్‌చెయిన్ ఒకసారి రాసిన పద్దును ఎవరూ గుట్టుగా మార్చకుండా కాపాడుతుంది. ఆ పద్దు నిజమో కాదో అది చెప్పలేదు. జాడ ఎంత కచ్చితంగా దొరుకుతుందన్నది లాట్‌ను ఎంత చిన్నదిగా, ఎంత నిజాయతీగా విడదీశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒకరినొకరు పూర్తిగా నమ్మని సంస్థలు అనేకం కలిసి, అందరికీ నమ్మకమైన మధ్యవర్తి లేనిచోట దీని ఉపయోగం ఎక్కువ. మిగతాచోట్ల మామూలు ఉమ్మడి డేటాబేస్ సరిపోతుంది.

ఎవరి పుస్తకం వారిదే

ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్న పద్ధతి 'ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకు'. సరుకు ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో ప్రతి వ్యాపారీ రాసిపెట్టుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో 178/2002 చట్టంలోని 18వ అధికరణం 2005 జనవరి 1 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. నియమం మంచిదే. అయితే పొలం నుంచి దుకాణం వరకు సరుకు ఆరు చేతులు మారితే ఆరు పుస్తకాలుంటాయి. దుకాణాన్ని అడిగితే గిడ్డంగి పేరు వస్తుంది, గిడ్డంగిని అడిగితే ప్యాకింగ్ కేంద్రం పేరు. ఒకరి జవాబు వస్తే తప్ప తర్వాతి ప్రశ్న ఎవరిని అడగాలో తెలియదు. మధ్యలో ఒకరు శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసి వెళ్తే విచారణ సోమవారం దాకా ఆగుతుంది. పైగా ఒకరి బిల్లులో 'పెట్టెలు', ఇంకొకరి బిల్లులో 'కిలోలు' ఉంటాయి. ఒకే సరుకుకు రెండు సంస్థల్లో రెండు పేర్లుంటాయి.

వాల్‌మార్ట్, ఐబీఎం కలిసి 2016లో మొదలుపెట్టిన ప్రయోగం ఈ ఇబ్బందిని అంకెల్లో చూపింది. కోసి ప్యాక్ చేసిన మామిడి ముక్కలు ఏ తోట నుంచి వచ్చాయో పాత పద్ధతిలో కనుక్కోవడానికి 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. బ్లాక్‌చెయిన్ మీద అదే పని 2.2 సెకన్లలో అయింది. 2018 అక్టోబరులో ఐబీఎం ఫుడ్ ట్రస్ట్ అనే ఆహార బ్లాక్‌చెయిన్ సేవ వాణిజ్యపరంగా మొదలైంది. ఆకుకూరలు సరఫరా చేసేవాళ్లు 2019 సెప్టెంబరుకల్లా అందులో చేరాలని వాల్‌మార్ట్ కోరింది.

ఆ 2.2 సెకన్లు ఎలా వచ్చాయన్నది జాగ్రత్తగా చూడాల్సిన విషయం. ప్రశ్న అడగడానికి ముందే తోట, ప్యాకింగ్ కేంద్రం, రవాణాదారు, గిడ్డంగి తమ తమ పద్దులను ఒకే రకం కోడ్‌లతో, ఒకేచోట నమోదు చేసి ఉంచారు. వేగానికి ప్రధాన కారణం ఆ ముందస్తు శ్రమే. అదే సమాచారం ఉమ్మడి డేటాబేస్‌లో ఉన్నా జవాబు అంతే త్వరగా వచ్చేది. బ్లాక్‌చెయిన్ వల్ల ప్రత్యేకంగా ఒరిగింది వేరే ఉంది.

బ్లాక్‌చెయిన్ లోపల జరిగేది

ప్రతి పద్దును ఒక గణిత సూత్రంలోంచి పంపితే దానికి వేలిముద్ర లాంటి 'హ్యాష్' వస్తుంది. ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో దీని నిడివి 256 బిట్లు. పద్దులో ఒక్క అంకె మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. కొన్ని పద్దులను కలిపి ఒక బ్లాక్‌గా కడతారు, అందులో ముందటి బ్లాక్ హ్యాష్‌ను కూడా చేరుస్తారు. పాత పద్దును మార్చాలనుకునేవాళ్లు ఆ తర్వాతి బ్లాకులన్నిటినీ తిరగరాయాలి. ప్రతులు వేర్వేరు సంస్థల కంప్యూటర్లలో ఉంటాయి కాబట్టి, తన ప్రతిని తిరగరాసుకున్నా మిగతావాటితో పోల్చగానే దొరికిపోతారు.

ఆహార సరఫరాలో నడిచేవి సాధారణంగా అనుమతి ఉన్నవాళ్లే చేరగల గొలుసులు. బిట్‌కాయిన్‌లో మాదిరిగా కొత్త బ్లాక్ చేర్చే హక్కు కోసం కంప్యూటర్లు పడే మైనింగ్ పోటీ గానీ, అంత విద్యుత్ ఖర్చు గానీ వీటికి ఉండదు. ఐబీఎం ఫుడ్ ట్రస్ట్‌కు పునాది అయిన హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లావాదేవీ చెల్లాలంటే ఏయే సంస్థలు సంతకం చేయాలో ముందే నిర్ణయించుకుంటారు. పంపినవారు 480 పెట్టెలని, అందుకున్నవారు 476 అని రాస్తే ఆ తేడా అదే రోజు బయటపడేలా నియమం పెట్టుకోవచ్చు. రోజువారీ పనిలో ఎక్కువ ఉపయోగపడేది ఇలాంటి సరిపోల్చడమే.

అన్నీ గొలుసులోకే ఎక్కించకూడదు. చల్లని ట్రక్కులో ఉష్ణోగ్రత పరికరం 10 నిమిషాలకోసారి కొలిస్తే మూడు రోజుల ప్రయాణానికి 432 రీడింగులు వస్తాయి. ఆ ఫైలును, ల్యాబ్ రిపోర్టును, ఫొటోలను బయటి నిల్వలో ఉంచి వాటి హ్యాష్‌ను మాత్రమే గొలుసులో రాస్తారు. తర్వాత ఎవరైనా ఫైలు చూపిస్తే మళ్లీ హ్యాష్ తీసి సరిచూస్తారు. 1,024 పద్దుల్లో ఒకటి అసలుదేనని రుజువు చేయాలంటే, వాటి హ్యాష్‌లను జతలు జతలుగా కలుపుతూ చివరికి ఒకే హ్యాష్‌కు చేర్చే మెర్కిల్ చెట్టుగా అమర్చినప్పుడు 10 హ్యాష్‌లు చాలు. అయితే బయటి ఫైలు పోయిందంటే హ్యాష్ ఉన్నా ప్రయోజనం లేదు. వేలిముద్ర మిగులుతుంది, మనిషి దొరకడు. బ్యాకప్ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాసుకోని చోట ఈ నష్టం జరిగే అవకాశముంది.

ఏం రాయాలి, ఎక్కడ రాయాలి

పంట కోత, చల్లబరచడం, మొదటి ప్యాకింగ్, పంపడం, అందుకోవడం, రూపం మార్చడం వంటి ఘట్టాల దగ్గర పద్దు పడాలి. అమెరికాలో 2011 నాటి ఆహార భద్రత ఆధునికీకరణ చట్టంలోని 204వ సెక్షన్ కింద 2022 నవంబరులో వచ్చిన తుది నిబంధన కూడా ఇలాంటి ఘట్టాలనే గుర్తించింది. నిర్ణయించిన ఆహార పదార్థాల వివరాలను అధికారులు అడిగిన 24 గంటల్లో ఇవ్వాలి. అమలు గడువు 2026 జనవరి నుంచి 2028 జులై 20కి జరిగింది. ఆ నిబంధన బ్లాక్‌చెయిన్‌నే వాడమని ఎక్కడా చెప్పలేదు. అది లాట్ కోడ్ అడుగుతుంది, సాంకేతికత ఎంపికను వ్యాపారులకే వదిలేసింది.

అందరూ ఒకే భాషలో రాయడానికి బార్‌కోడ్‌ల నియమాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ జీఎస్1 ప్రమాణాలున్నాయి. సరుకు రకానికి 14 అంకెల కోడ్, స్థలానికి 13 అంకెల కోడ్, రవాణా చేసే ప్యాలెట్‌కు, అంటే పెట్టెలు పేర్చిన చెక్క పలకకు, 18 అంకెల కోడ్. సరుకు కోడ్ ఒక్కటే ఉంటే చాలదు. అది 'ఈ కంపెనీ 200 గ్రాముల పాలకూర సంచి' అని మాత్రమే చెబుతుంది. ఏ రోజుదో తెలియాలంటే లాట్ నంబరు కూడా బార్‌కోడ్‌లో ఉండాలి. మామూలుగా దుకాణాల్లో గీతల బార్‌కోడ్‌లో లాట్ ఉండదు, పక్కన ఇంకుతో ముద్రించి ఉంటుంది. యంత్రం చదవని ఆ ముద్ర దగ్గరే గొలుసు చాలాసార్లు తెగుతుంది. లాట్‌ను కూడా ఇముడ్చుకునే, క్యూఆర్ లాంటి రెండు కొలతల కోడ్‌లకు మారడం బ్లాక్‌చెయిన్ కొనడంకంటే ముందు చేయాల్సిన పని.

ఇంకో పొరపాటు గిడ్డంగుల్లో జరుగుతుంది. సరుకు రాగానే సొంత నంబరు అంటించి, పాతదాన్ని వదిలేస్తారు. సరుకు రూపం మారనంతవరకు మొదటి ప్యాకింగ్‌లో ఇచ్చిన లాట్ కోడే చివరిదాకా నడవాలి. సొంత నంబరు కావాలనుకుంటే రెండింటికీ ముడి వేసి ఉంచాలి.

లాట్ కలిసిపోయే చోటు

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఒక ట్యాంకరులో 12 మంది రైతుల పాలు, అలాంటి మూడు ట్యాంకర్ల పాలు ఒకే సైలోలోకి, అంటే పెద్ద నిల్వ ట్యాంకులోకి, దిగాయనుకుందాం. ఆ సైలో నుంచి వచ్చిన ప్రతి ప్యాకెట్‌కూ 36 మంది మూలం. సైలోను పూర్తిగా ఖాళీ చేసి కడగకుండా మర్నాడు మరో 36 మంది పాలు నింపితే రెండో రోజు ప్యాకెట్లకు మూలం 72 మంది. కడగడం ఎప్పుడో జరిగితే తప్ప ఈ లెక్క పెరుగుతూనే పోతుంది. గొలుసు ఎంత గట్టిదైనా దీన్ని తిరిగి 12కు తగ్గించలేదు.

ఆకుకూరల ప్యాకింగ్‌లో ఇదే సమస్య నీటి రూపంలో ఉంటుంది. 8 గంటల షిఫ్టులో 24,000 సంచులు నింపే కేంద్రం రోజంతటికీ ఒకే లాట్ పెడితే, తేడా వచ్చినప్పుడు 24,000 సంచులూ వెనక్కి రావాలి. గంటకో లాట్ పెడితే 3,000 చాలనిపిస్తుంది. కానీ కడిగే తొట్టిలో అదే నీరు తిరుగుతుంటే, రెండో గంటలో వచ్చిన కలుషితం మూడో గంట ఆకుకూరకు కూడా అంటుకోవచ్చు. క్లోరిన్ లాంటి క్రిమిసంహారకం మోతాదు ఆ మధ్యలో తగ్గిందా లేదా అన్నది చూడకుండా లాట్‌ను విడదీస్తే అది కాగితం మీది లాట్. లైన్ ఆపి, శుభ్రం చేసి, ఆ సమయాన్ని నమోదు చేసిన చోటే ఒక లాట్ ముగిసి మరొకటి మొదలైనట్టు. ప్రతి శుభ్రతకూ ఉత్పత్తి సమయం పోతుంది కాబట్టి చిన్న లాట్‌లకు ఖర్చుంది. ఎంత చిన్న రీకాల్ (అమ్మిన సరుకును వెనక్కి రప్పించడం) కావాలో నిర్ణయించుకోవడమంటే లైన్ ఎన్నిసార్లు ఆపాలో నిర్ణయించుకోవడమే.

పంపిణీ గిడ్డంగిలో గొలుసు మరో రకంగా వదులవుతుంది. ప్యాలెట్ వచ్చినప్పుడు దాన్ని స్కాన్ చేస్తారు. తర్వాత విప్పి, అందులోని 60 పెట్టెలను 14 దుకాణాలకు పంచుతారు, పెట్టె పెట్టెనూ స్కాన్ చేయరు. అదే అరలో ఆ వారం మూడు లాట్‌లు నిల్వ ఉండి ఉంటే, ఏ దుకాణానికి ఏ లాట్ వెళ్లిందన్నది తేదీలను బట్టి ఊహించాల్సిందే. అప్పుడు 14 దుకాణాలకూ మూడు లాట్‌లూ వెళ్లినట్టే లెక్కించాలి. పెట్టె స్థాయిలో స్కానింగ్ లేని గొలుసు వెనక్కి బాగానే నడుస్తుంది, ముందుకు మాత్రం తడబడుతుంది.

వీటిని పట్టుకోవడానికి మంచి సాధనం తూకం సరిచూడటం. 1,000 కిలోల ఆకు దిగింది, ఏరివేతలో 180 కిలోలు పోయింది, 200 గ్రాముల సంచులు 4,050 తయారయ్యాయి అంటే 810 కిలోలు. మిగిలిన 10 కిలోల తేడా తేమ, నేలపాలు కింద సర్దుకుంటుంది. అదే 4,600 సంచులు తయారైనట్టు పద్దు చూపిస్తే 100 కిలోల ఆకు ఎక్కడి నుంచో నమోదు లేకుండా వచ్చింది. అది ఇంకో పొలానిదైనా కావచ్చు, మిగిలిపోయిన పాత సరుకైనా కావచ్చు. గొలుసులోని స్మార్ట్ కాంట్రాక్టుకు, అంటే షరతు నెరవేరగానే దానంతటదే నడిచే ప్రోగ్రాముకు, ఈ లెక్క అప్పగిస్తే తేడా హద్దు దాటగానే లాట్‌ను నిలిపేస్తుంది. సేంద్రియ సరుకు పేరుతో మామూలు సరుకు కలిపే మోసానికి కూడా ఇదే విరుగుడు.

అబద్ధం రాస్తే అబద్ధమే భద్రం

2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపిన ఘటనలో దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. పాలలో ప్రొటీన్‌ను నేరుగా కొలవకుండా నత్రజని ఎంతుందో చూసి లెక్కకట్టే పరీక్ష అప్పట్లో వాడుకలో ఉంది. నీళ్లు కలిపిన పాలకు నత్రజని అధికంగా ఉండే మెలమైన్ చేరిస్తే ఆ పరీక్ష మోసపోయింది. అప్పుడు బ్లాక్‌చెయిన్ ఉండి ఉంటే 'ప్రొటీన్ సరిపోయింది' అన్న ఫలితాన్ని చెక్కుచెదరకుండా దాచేది. 2013లో యూరప్‌లో గొడ్డు మాంసం పేరుతో గుర్రపు మాంసం అమ్మిన వ్యవహారాన్ని బయటపెట్టింది ఐర్లండ్ ఆహార భద్రత సంస్థ చేసిన డీఎన్‌ఏ పరీక్ష. కాగితాలు చూస్తే అది దొరికేది కాదు.

డిజిటల్ సంతకం ఎవరు రాశారో చెబుతుంది, రాసింది నిజమని హామీ ఇవ్వదు. అలాగని ఆ సంతకానికి విలువ లేదనుకోకూడదు. వ్యాధి ప్రబలిన వార్త వచ్చాక కోత తేదీని వెనక్కి జరపడం, పరీక్ష ఫలితాన్ని కొత్తగా పుట్టించడం గొలుసులో కుదరవు. అబద్ధం ఆడాలంటే ప్రమాదం తెలియకముందే, సొంత సంతకంతో ఆడాలి. అది మోసగాడికి పెద్ద అడ్డంకే.

సరుకుకూ పద్దుకూ మధ్య ఉన్న ముడి బలహీనమైనది. క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీసి వెయ్యి నకళ్లు ముద్రించడం తేలిక. ప్రతి ప్యాకెట్‌కూ వేరే సీరియల్ నంబరు ఇచ్చి, ఒకే నంబరు రెండు దూర ప్రాంతాల్లో స్కాన్ అయితే హెచ్చరించేలా చేస్తే నకిలీ కొంతవరకు బయటపడుతుంది. తడి, మంచు ఉన్నచోట మామూలు కాగితం లేబుల్ ఊడిపోతుంది, కోడ్ మసకబారుతుంది. ఉష్ణోగ్రత పరికరం తలుపు దగ్గర పెడితే తలుపు తీసిన ప్రతిసారీ అనవసర హెచ్చరిక వస్తుంది, చల్లగాలి వచ్చే చోట పెడితే అసలు ప్రమాదం దాగిపోతుంది. ఏ పరికరం గాలిని కొలుస్తోంది, ఏది సరుకు లోపలి వేడిని కొలుస్తోందన్నది కూడా పద్దులో ఉండాలి.

మనుషులు పొరపాట్లు చేస్తారు. 480 బదులు 4,800 అని నొక్కితే గొలుసులో చెరపడం కుదరదు. ఫలానా పద్దు చెల్లదని, సరైనది ఇదని మరో పద్దు రాయాలి. ఈ వెసులుబాటు మొదటి రోజు నుంచే పెట్టని వ్యవస్థల్లో సిబ్బంది తప్పు దిద్దడానికి భయపడి, తర్వాతి అంకెలను దానికి అనుగుణంగా సర్దడం మొదలుపెడతారు. సిగ్నల్ లేని పొలాల్లో ఫోన్ సమాచారాన్ని దాచుకుని సాయంత్రం పంపుతుంది. అప్పుడు ఘటన జరిగిన సమయం, నమోదైన సమయం రెండూ విడిగా లేకపోతే కోతకు ముందే సరుకు ప్యాక్ అయినట్టు కనిపిస్తుంది.

సెకన్లు ఎక్కడ మిగులుతాయి

ఈ.కొలై ఓ157 కడుపులో చేరాక సాధారణంగా మూడు నాలుగు రోజులకు లక్షణాలు బయటపడతాయి. రోగి డాక్టరు దగ్గరకు వెళ్లాలి, నమూనా ల్యాబుకు చేరాలి, బ్యాక్టీరియాను పెంచి, జన్యుక్రమం తీసి, మిగతా రోగుల నమూనాలతో పోల్చాలి. ఒక రోగి ఫలానా వ్యాప్తిలో భాగమని తేలడానికి వారాలు పడుతుంది. ఆ తర్వాత రోగిని 'గత వారం ఏం తిన్నారు' అని అడిగితే జ్ఞాపకం సహకరించాలి. జాడ తీసే సమయం ఏడు రోజుల నుంచి సెకన్లకు తగ్గితే ఈ ప్రయాణంలో ఒక భాగం మాత్రమే తగ్గినట్టు.

అంతకంటే పెద్ద లాభం అనుమానాన్ని తగ్గించడంలో ఉంది. పదిమంది రోగులు కొన్న సరుకుల దారులను వెనక్కి నడిపిస్తే అవి ఏ పొలం దగ్గర, ఏ తేదీ దగ్గర కలుస్తున్నాయో త్వరగా తెలుస్తుంది. ఒక్కో దారి గీయడానికి వారం పట్టినప్పుడు పది దారులు గీసే ఓపిక, సిబ్బంది ఎవరికీ ఉండవు. 2011లో దోసకాయల మీద పడిన నింద లాంటివి తగ్గేది ఇలాంటి పోలిక త్వరగా కుదిరినప్పుడే. తప్పు లేని పొలాల సరుకును పారేయకుండా ఆపగలగడం కూడా ఆహార భద్రతలో భాగమే.

ఎవరు చేరతారు, ఎవరు భరిస్తారు

ఖర్చు మొదటి మెట్టు దగ్గర పడుతుంది, లాభం చివరి మెట్టు దగ్గర కనిపిస్తుంది. లేబుల్, ఫోన్, స్కానింగ్ శ్రమ రైతుకూ చిన్న ప్యాకింగ్ కేంద్రానికీ, రీకాల్ చిన్నదైన లాభం పెద్ద దుకాణాల గొలుసుకూ దక్కుతాయి. ముగ్గురు కొనుగోలుదారులు మూడు వేర్వేరు నెట్‌వర్కుల్లో చేరమంటే సరఫరాదారు ఒకే వివరాన్ని మూడుసార్లు ఎక్కించాలి. పోటీదారులకు తమ ధరలు, కొనుగోలుదారుల పేర్లు తెలిసిపోతాయన్న భయం కూడా నిజమైనదే. అందుకే ఎవరికి ఏ పద్దు కనిపించాలో విడివిడిగా అనుమతులు పెడతారు. వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు చెరపలేని గొలుసులో రాస్తే, యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం ఇచ్చే తొలగింపు హక్కుతో చిక్కు వస్తుంది. వాటిని బయటే ఉంచాలి.

పక్క రంగం అనుభవం ఇక్కడ చూడదగ్గది. ఓడల సరుకు రవాణా కోసం నౌకా సంస్థ మేర్స్క్, ఐబీఎం 2018లో మొదలుపెట్టిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదికను మూసేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు. పరిశ్రమ అంతా కలిసిరావడం సాధ్యపడలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. పోటీదారుడి యాజమాన్యంలోని వేదిక మీద తమ సమాచారం పెట్టడానికి మిగతావాళ్లు సంకోచించడం సహజం. ఆహార రంగంలోనూ గొలుసు ఎవరిదన్న ప్రశ్న సాంకేతికతకంటే ముందొస్తుంది. ఒకే పెద్ద సంస్థ నియమాలు పెట్టి, సర్వర్లన్నీ తనవే ఉంచుకుంటే అది పేరుకు బ్లాక్‌చెయిన్, పనిలో మామూలు డేటాబేస్.

కొనేముందు చేయాల్సిన పరీక్ష

ఈ వ్యవస్థ గురించి ఆలోచిస్తున్న సంస్థ ముందు ఉత్తుత్తి రీకాల్ ఒకటి చేసి చూడాలి. దుకాణం అరలోంచి ఒక ప్యాకెట్ తీసి, గడియారం నొక్కి, అది ఏ పొలం నుంచి వచ్చిందో కనుక్కోవాలి. తర్వాత అదే పొలం, అదే లాట్ సరుకు ఇంకా ఎక్కడెక్కడికి వెళ్లిందో ముందుకు నడిచి చూడాలి. దిగిన కిలోలు, అమ్మిన కిలోలు, పారేసినవి, నిల్వ ఉన్నవి కలిపితే మొత్తం సరిపోవాలి. ఆహార కర్మాగారాల తనిఖీలో వాడే బీఆర్‌సీజీఎస్ ప్రమాణం ఈ పని మొత్తానికి నాలుగు గంటలు ఇస్తుంది.

ఆ పరీక్షలో ఎక్కడ ఆగిపోయామన్నదాన్ని బట్టి మందు మారుతుంది. సొంత కేంద్రంలోనే లాట్‌లు కలిసిపోయి ఆగితే లైన్, లేబుల్, స్కానర్ మీద డబ్బు పెట్టాలి. అవతలి సంస్థ పద్దు పంపక ఆగితే ఉమ్మడి కోడ్‌లు, ఉమ్మడి డేటాబేస్ చాలు. పద్దు వచ్చింది కానీ అది నిన్న రాత్రి మార్చినదేమోనన్న అనుమానం దగ్గర ఆగితే, అప్పుడు బ్లాక్‌చెయిన్ గురించి మాట్లాడాలి.